ఊరంతా ఒకే నవల: ఏ ఊరు, ఎవరి నవల?

ఒక ఊళ్లో ఉన్న వాళ్లందరూ ఒకే కాలంలో ఒకే నవల చదివి, గ్రంథాలయంలో కూర్చుని దాని గురించి మాట్లాడుకోవడం అనే ఊహ వినడానికే ఇంపుగా ఉంటుంది. సాహిత్యం నలుగురిదీ కావాలని కోరుకునే మనం ఇలాంటి ప్రయత్నాన్ని చూసి సంతోషించకుండా ఉండలేం. 1998లో అమెరికాలోని సియాటిల్ నగర గ్రంథాలయంలో పనిచేస్తున్న నాన్సీ పెర్ల్ ఈ పనికి పూనుకుంది. అప్పుడు ఎంచుకున్న నవల రస్సెల్ బ్యాంక్స్ రాసిన ‘ది స్వీట్ హియరాఫ్టర్’. బడి బస్సు ప్రమాదంలో పిల్లల్ని పోగొట్టుకున్న ఒక చిన్న ఊరి కథ అది. 2001లో షికాగో నగరం అదే బాట పట్టింది. తర్వాత అనేక నగరాలు, రాష్ట్రాలు కూడా పట్టాయి. 2006లో అమెరికా ప్రభుత్వ కళాసంస్థే ‘ది బిగ్ రీడ్’ పేరుతో దీన్ని దేశవ్యాప్త కార్యక్రమంగా చేసింది.

దీని వెనక ఒక ఆందోళన ఉంది. అదే ప్రభుత్వ సంస్థ 2004లో ప్రకటించిన సర్వే ప్రకారం, ఏడాదిలో ఏదో ఒక సాహిత్య రచన చదివిన వయోజనులు 1982లో నూటికి 56.9 మంది ఉంటే, 2002 నాటికి 46.7 మందే మిగిలారు. పాఠకులు తగ్గిపోతున్నప్పుడు వాళ్లను తిరిగి తెచ్చుకునే ప్రయత్నం చేసిన గ్రంథాలయాలను తప్పుపట్టవలసిన పని లేదు.

అయితే విమర్శకుడు అడగవలసిన ప్రశ్న ఒకటి మిగిలే ఉంటుంది. ఈ కార్యక్రమాలన్నిటికీ పునాదిగా ‘సముదాయం’ అనే భావన ఉంది. ఊరంతా ఒకటి, పుస్తకం ఒకటి, చర్చ ఒకటి. మన భాషలో మాత్రం ‘ఊరూ వాడా’ అంటాం. ఊరు వేరు, వాడ వేరు అన్న సంగతి మన నుడికారంలోనే ఉంది. వర్గాలుగా, వర్ణాలుగా చీలిన ఊరు ఒక నవలను కలిసి చదివినప్పుడు ఆ నవలలోని ఘర్షణ ఏమవుతుంది? బయటికి వస్తుందా, సద్దుమణుగుతుందా? ఈ వ్యాసంలో పరిశీలించదలచుకున్నది ఈ ఒక్క విషయాన్నే.

షికాగో ఉదాహరణతో మొదలుపెడదాం. 2001లో ఆ నగరం తొలి నవలగా హార్పర్ లీ రాసిన ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ను ఎంచుకుంది. 1960లో వచ్చిన ఈ నవలలో, నేరం చేయని నల్లజాతి మనిషిని కాపాడటానికి ఒక మంచి తెల్ల వకీలు కోర్టులో వాదిస్తాడు, ఓడిపోతాడు. జాతి వివక్షను ఖండించే రచనే. కాదనను. కానీ కథ జరిగేది ఎక్కడో దక్షిణాన, అలబామా రాష్ట్రంలో. షికాగో నగరం తన సొంత దక్షిణ ప్రాంతపు నల్లవాడల మీద వచ్చిన మహానవలను పక్కన పెట్టుకునే ఈ నవలను ఎంచుకుంది. రిచర్డ్ రైట్ 1940లో ప్రచురించిన ‘నేటివ్ సన్’ ఆ వాడల్లోనే పుట్టింది. అందులోని కుర్రవాడు నిర్దోషి కాడు, హంతకుడు. అతనుండే ఎలుకల కొంపకు అద్దె వసూలు చేసుకునే కంపెనీ యజమానే అతనికి ఉద్యోగమిచ్చే ధర్మాత్ముడు కూడా. అలాంటి నవలను ఊరంతా చదివితే ‘అయ్యో పాపం’ అనుకుని ఇళ్లకు వెళ్లడం కుదరదు. నగరంలో ఇళ్లు ఎవరివి, అద్దెలు ఎవరికి పోతున్నాయి అని అడగవలసి వస్తుంది. న్యాయంగా ఒక మాట చెప్పాలి. అదే షికాగో 2003లో లొరేన్ హాన్స్‌బెరీ నాటకం ‘ఎ రెయిజిన్ ఇన్ ద సన్’ను చదివించింది. తెల్లవాళ్ల పేటలో ఇల్లు కొనుక్కోబోయిన నల్ల కుటుంబం మీద, అదే నగరం గురించి రాసిన నాటకమది. అంటే ఈ కార్యక్రమానికి తన ఊరి గాయాన్ని ముట్టుకునే శక్తి లేకపోలేదు. కానీ ‘అందరికీ ఆమోదయోగ్యం’ అన్న కొలతతో వెదికినప్పుడు చేయి ముందుగా దూరంగా ఉన్న బాధ మీద పడుతుంది.

దీనికి నేరుగా ఎదురు నిలిచే ఉదాహరణ ఒకటుంది. 2002లో, జాన్ స్టైన్‌బెక్ శతజయంతి సంవత్సరంలో, కాలిఫోర్నియా రాష్ట్రమంతటా ‘ది గ్రేప్స్ ఆఫ్ రాత్’ నవలను చదివించారు. రాష్ట్ర మానవీయశాస్త్రాల మండలి, గ్రంథాలయాలు కలిసి దీన్ని నిర్వహించాయి. ఇక్కడ దూరపు బాధ అనడానికి వీల్లేదు. ఆ నేల మీది కథ, ఆ తోటల్లోని కూలీల కథ. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఏమంటే, ఇదే కాలిఫోర్నియాలో ఇదే నవలను ఒకప్పుడు ఒక ప్రజా గ్రంథాలయం నుంచి వెళ్లగొట్టారు.

నవల 1939 ఏప్రిల్‌లో వెలువడింది. ఓక్లహోమాలో కరువుకూ, బ్యాంకులకూ, ట్రాక్టర్లకూ భూమి పోగొట్టుకున్న జోడ్ కుటుంబం కాలిఫోర్నియాకు వలస వస్తుంది. ఆ కుటుంబం కాస్త ఊపిరి పీల్చుకున్న ప్రభుత్వ శిబిరం, వీడ్‌ప్యాచ్, ఉన్నది కెర్న్ కౌంటీలో. ఆ కౌంటీ పాలక మండలి 1939 ఆగస్టు 21న, నాలుగు ఓట్లకు ఒక ఓటు తేడాతో, ఈ నవలను తన గ్రంథాలయాల్లోనూ బడుల్లోనూ నిషేధించింది. సినిమా తీయడం కూడా ఆపమని నిర్మాతలను కోరింది. పెద్ద రైతుల సంఘానికి స్థానిక నాయకుడైన బిల్ క్యాంప్ తన దగ్గర పనిచేసే ఒక కూలీ చేత పుస్తకాన్ని తగలబెట్టించి ఫొటో తీయించాడు. ఆ కూలీ అప్పటికి నవల చదవలేదు. తన బతుకు గురించి రాసిన పుస్తకానికి తన చేతే నిప్పు పెట్టించడం కన్నా పాలకవర్గ భావజాలానికి వేరే నిర్వచనం వెతకనవసరం లేదు.

కౌంటీ లైబ్రేరియన్ గ్రెచెన్ నీఫ్ ఉద్యోగం పోతుందేమోనని వెనకాడకుండా మండలికి లేఖ రాసింది. ఒక పుస్తకాన్ని నిషేధించినంత మాత్రాన అందులోని భావాలు చావవనీ, ఇవాళ ఒకటి నిషేధిస్తే రేపు మరొకటి అడుగుతారనీ ఆమె వాదన. మండలి వినలేదు. ఆమె తన ప్రతులను ఇతర కౌంటీల గ్రంథాలయాలకు అరువు ఇచ్చింది. నిషేధం 1941 జనవరి దాకా సాగింది.

ఈ నిషేధం ఎవరి మీద పడిందో ఒక చిన్న లెక్క చెబుతుంది. తొలి ముద్రణ వెల రెండు డాలర్ల డెబ్భై అయిదు సెంట్లు. నవలలో జోడ్ కుటుంబం హూపర్ తోటలో పీచ్ పళ్లు కోసినప్పుడు పెట్టెకు అయిదు సెంట్లు కూలి. మొదటి రోజు ఇంటిల్లిపాదీ కలిసి సంపాదించింది ఒక్క డాలరు. అది ఆ పూట తిండికే చాలలేదు. ఆ నవల కొనాలంటే ఆ కుటుంబం యాభై అయిదు పెట్టెల పళ్లు కోయాలి. సమ్మె విరిగి, కూలి రెండున్నర సెంట్లకు పడిపోయాక నూట పది పెట్టెలు కోయాలి. కొనగలిగిన భూస్వామికి గ్రంథాలయం మూసినా, తెరిచినా ఒక్కటే. నిషేధం తగిలింది చేతిలో చిల్లిగవ్వ లేనివాడికి. ప్రజా గ్రంథాలయం అన్న మాటకు అర్థం ఇక్కడ ఉంది. నీఫ్ నిలబడింది కూడా ఇక్కడే.

ఇప్పుడు రెండు దృశ్యాలను పక్కపక్కన పెట్టి చూడాలి. 1939లో పాలకులు ఈ పుస్తకాన్ని ఎవరూ చదవకూడదన్నారు. 2002లో అందరూ చదవాలన్నారు. ఇది సాహిత్య విజయమేనా? ఒక అర్థంలో నిస్సందేహంగా విజయమే. కానీ కెర్న్ కౌంటీ పాలకులకు ఒక విషయంలో మనం మార్కులు వేయక తప్పదు. ఆ నవల తమ గురించి రాసిందని వాళ్లకు తెలుసు. అది భూమి ఎవరిది, కూలి ఎంత, లాఠీ ఎవరి చేతిలో ఉంది అన్న నవల అని వాళ్లు పోల్చుకున్నారు. వాళ్లది ద్వేషంతో కూడిన పఠనమే, కానీ గురి తప్పిన పఠనం కాదు.

2002 నాటి కార్యక్రమం ప్రజలు తమ కథలు చెప్పుకుని ఒకరికొకరు దగ్గర కావాలనే ఉద్దేశంతో నడిచింది. కాలిఫోర్నియా ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ల రాష్ట్రం కాబట్టి, జోడ్ కుటుంబం ప్రయాణాన్ని చదివి, మా తాతలు ఇలా వచ్చారు, మేము ఇలా వచ్చాం అని చెప్పుకోవడం సహజం, మంచిదే. కూలి రేటు గురించి ఏ సమావేశంలోనూ ఎవరూ మాట్లాడి ఉండరని నేననడం లేదు. కార్యక్రమం పాఠకుణ్ని ఏ వైపు నడిపించింది అన్నదే నా ప్రశ్న. ‘మనమందరం వలస వచ్చినవాళ్లమే’ అన్నప్పుడు, తోట కొనడానికి వచ్చినవాడూ తోటలో కాయ కోయడానికి వచ్చినవాడూ ఒకే వాక్యంలో ఇమిడిపోతారు. నవల మాత్రం వాళ్లను ఇమడనివ్వదు.

స్టైన్‌బెక్ శిల్పం చూసినా ఈ సంగతి తేటపడుతుంది. ముప్పై అధ్యాయాల్లో సగం దాకా జోడ్ కుటుంబం కనబడదు. ఆ అధ్యాయాల్లో పేరులేని రైతులు, పేరులేని బ్యాంకు, పాత కార్లు అమ్మే దళారులు, ధర పడిపోకుండా కిరసనాయిలు పోసి పాడుచేసిన నారింజలు కనిపిస్తాయి. ఒకచోట ఇల్లు కూల్చడానికి వచ్చిన ట్రాక్టరు డ్రైవరు పొరుగువాడి కొడుకే. రోజుకు మూడు డాలర్ల కోసం వచ్చాడు. అతణ్ని కాల్చాలా, మేనేజరునా, బ్యాంకు అధ్యక్షుణ్నా అని కౌలుదారు అడుగుతాడు. కనబడే శత్రువు వెనక కనబడని వ్యవస్థ ఉందన్న ఎరుక ఆ సంభాషణలో నాటకీయంగా రూపుకడుతుంది. ఒక అధ్యాయం కుటుంబానిది, మరుసటి అధ్యాయం జనానిది. ‘నా నేల పోయింది’ అన్న మాట ‘మన నేల పోయింది’ అన్న మాటగా మారడమే ఈ నవల కదలిక. కాబట్టి కుటుంబ గాథగా మాత్రమే చదివితే సగం నవలను వదిలేసినట్టే. సామూహిక పఠనానికి ఇంత అనువైన రూపమున్న నవలను, ఎవరి ఇంటి కథ వాళ్లు చెప్పుకునే సందర్భంగా కుదించడం రూపానికీ వస్తువుకూ కూడా అన్యాయం.

నవల లోపాలను దాచనవసరం లేదు. మాజీ బోధకుడు కేసీ మాటల్లో మానవాత్మ గురించిన పొగమంచు చాలా ఉంది. సమ్మె ఎలా కట్టాలి, ఎందుకు విరిగింది అన్న విషయంలో రచయితకు ఆవేశం ఉన్నంతగా పరిశీలన లేదు. ముగింపులో మృతశిశువును కన్న యువతి ఆకలితో చస్తున్న అపరిచితుడికి పాలివ్వడం గొప్ప దృశ్యం. కానీ అది పోరాటాన్ని దయలో ముగిస్తుంది. వీటన్నిటికన్నా పెద్ద లోపం మరొకటుంది. ఈ నవలలో కూలీలు దాదాపు అందరూ తెల్లవాళ్లు. 1933లో ఇదే శాన్ హోకీన్ లోయను కుదిపిన పత్తి కూలీల సమ్మెలో ఎక్కువమంది మెక్సికన్లు. నవలలో వాళ్లు ఇంచుమించు లేరు. 1965 సెప్టెంబరులో ఇదే కెర్న్ కౌంటీలోని డెలానో చుట్టుపక్కల ద్రాక్ష తోటల్లో ఫిలిప్పీన్ కూలీలు లారీ ఇట్లియాంగ్ నాయకత్వంలో సమ్మెకు దిగారు. సీజర్ చావెజ్ నడిపిన మెక్సికన్ కూలీల సంఘం వాళ్లతో కలిసింది. అయిదేళ్ల తర్వాత, 1970లో, తోటల యజమానులు ఒప్పందాల మీద సంతకాలు పెట్టారు. నవలలో విరిగిపోయిన సమ్మె చరిత్రలో గెలిచింది. కానీ గెలిపించిన చేతులు స్టైన్‌బెక్ చూడని చేతులు. డెలానోను పక్కన పెట్టుకుని చదవని ‘గ్రేప్స్ ఆఫ్ రాత్’ అసంపూర్ణ పఠనమే.

‘ఒకే నవల’ అన్న సూత్రం మీద కూడా ఆలోచించాలి. సనోరా బాబ్ అనే రచయిత్రి ఓక్లహోమాలో పుట్టింది. 1938 ప్రాంతాల్లో అవే వలస శిబిరాల్లో పనిచేసి, కూలీల మధ్య ఉండి ఒక నవల రాసింది. దానిని ప్రచురించడానికి సిద్ధమైన సంస్థ, స్టైన్‌బెక్ నవల వచ్చి అంత పేరు తెచ్చుకున్నాక, ఒకే వస్తువు మీద రెండో నవలకు చోటు లేదని వెనక్కి తగ్గింది. ‘హూజ్ నేమ్స్ ఆర్ అన్‌నోన్’ అనే ఆ నవల 2004లో గాని అచ్చు కాలేదు. మరుసటి సంవత్సరమే ఆమె కన్నుమూసింది. ఒక వస్తువుకు ఒక నవల చాలన్నది మార్కెట్టు సూత్రం. దానికి ఒక రచన అరవై అయిదేళ్లు బలైంది. గ్రంథాలయం ఆ సూత్రాన్నే సాంస్కృతిక ఆదర్శంగా తలకెత్తుకోకూడదు. ఊరంతా ఒక పుస్తకం దగ్గర కలవవచ్చు. అక్కడే ఆగిపోకూడదు.

ఇంతకీ ఆ పుస్తకాన్ని ఎవరు ఎంచుకోవాలి? దీనికి సమాధానం స్టైన్‌బెక్ నవలలోనే దొరుకుతుంది. వీడ్‌ప్యాచ్ శిబిరంలో నిర్వహణ ప్రభుత్వానిదే అయినా, పాలన శిబిరవాసులు ఎన్నుకున్న సంఘాలది. తగాదాలు వాళ్లే తీర్చుకుంటారు, నాట్య సభలు వాళ్లే జరుపుకుంటారు. వారంటు లేకుండా పోలీసులు లోపలికి రాలేరు. భూస్వాముల సంఘం మనుషుల్ని పంపి నాట్య సభలో అల్లరి లేపాలని చూస్తే, శిబిరవాసులే ముందుగా పసిగట్టి చేయి చేసుకోకుండా వాళ్లను బయటికి నడిపిస్తారు. ఈ శిబిరాన్ని సంస్కరణవాద భ్రమ అని కొట్టిపారేసిన విమర్శకులున్నారు. ఆ శిబిరంలో గౌరవం దొరికింది గానీ పని దొరకలేదన్నది నిజం, నవలే ఆ మాట చెబుతుంది. అయినా ప్రజా సంస్థను ప్రజలే నడుపుకోవడం ఎలా ఉంటుందో అక్కడ ఒక నమూనా ఉంది. ‘ఊరంతా ఒకే నవల’ కార్యక్రమాల్లో ఎంపిక సాధారణంగా అధికారులది, నిపుణులది. చదవడం మాత్రం జనానిది. ఆ వరస మారితే తప్ప సముదాయం అనే మాటకు ప్రాణం రాదు.

ఈ చర్చ మనకెందుకు అంటే, మన గ్రంథాలయం పుట్టుక కూడా ఉద్యమంలోనే జరిగింది కనుక. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్య, గాడిచర్ల హరిసర్వోత్తమరావు వంటివారు గ్రంథాలయాన్ని ఊరి అవసరంగా చేశారు. 1935లో కృష్ణా కాలువ మీద పాతూరి నాగభూషణం పడవలో పుస్తకాలు పంపించాడు. నిజాం రాజ్యంలో సభ పెట్టుకోవాలంటే సర్కారు అనుమతి కావాలి. అందుకే అక్కడ గ్రంథాలయంలో పత్రిక చదవడమే రాజకీయ కార్యమైంది. ఒకరు చదువుతుంటే పదిమంది వినడం మనకు కొత్త కాదు, అమెరికా నుంచి దిగుమతి చేసుకోనక్కర లేదు. ఇవాళ కూడా మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల గ్రంథాలయ పన్ను ఉంది. పన్ను మనది కాబట్టి, ఏ పుస్తకం కొనాలి, ఏది కలిసి చదవాలి అని అడిగే హక్కూ మనదే.

మన జిల్లాలో ఒక గ్రంథాలయం ఈ పని మొదలుపెడితే ‘మాలపల్లి’ పేరు రాకుండా ఉండదు. రావలసిందే. 1922లో వెలువడిన ఉన్నవ లక్ష్మీనారాయణ నవల వ్యవసాయ కూలీల కూలి తగాదాను కేంద్రంగా చేసుకుంది. సంగదాసును చంపింది భూస్వామి చౌదరయ్య. తెల్లదొరల ప్రభుత్వం నిషేధించిన నవల ఇది. ఇప్పుడు పాఠ్యగ్రంథం, శతవార్షికోత్సవాలు చేసుకున్న గ్రంథం. కెర్న్ కౌంటీలో జరిగినదే ఇక్కడా జరగవచ్చు. దానిని గాంధేయ సహనానికీ, హృదయ పరివర్తనకూ నిదర్శనంగా ఊరంతా చదివి, దండలు వేసి, కూలి రేటు ఊసెత్తకుండా లేచిపోవచ్చు. అలా కాకుండా ఉండాలంటే రెండు పనులు చేయాలి. మొదటిది, ‘మాలపల్లి’ పక్కన జి. కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ (2000) ఉండాలి. పల్లె గురించి సానుభూతితో బయటివాడు రాసిన నవలా, పల్లె తన తరాల చరిత్రను తానే చెప్పుకున్న నవలా ఒకే బల్ల మీద ఉన్నప్పుడే పాఠకుడు పోల్చి చూడగలడు. రామదాసు ఓర్పు ఎవరికి ఆదర్శంగా కనిపించింది, ఎవరికి అడ్డుగోడగా కనిపించింది అని అప్పుడు అడగగలడు. రెండవది, చర్చ ఊరి మధ్య హాలులోనే కాదు, వాడలో జరగాలి. ఊరివాళ్లు అక్కడికి వెళ్లాలి.

దానివల్ల సభలో అరుపులు రావచ్చు. కొందరు లేచి వెళ్లిపోవచ్చు. నిర్వాహకులకు అది వైఫల్యంగా కనిపించవచ్చు కూడా. న్యూయార్క్ నగరంలో 2002లో రెండు పుస్తకాల మధ్య ఎంపిక సంఘానికి ఏకాభిప్రాయం కుదరకపోతే అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ తగాదాలో నవ్వవలసినది కనబడలేదు. ఏ పుస్తకం మనది అన్న విషయంలో జనం దెబ్బలాడుకుంటున్నారంటే ఆ ఊళ్లో సాహిత్యానికి ఇంకా పని ఉన్నట్టే. రచయితలూ, సాహిత్య విద్యార్థులూ ఇలాంటి సభలకు ఉపన్యాసాలివ్వడానికి కాకుండా వినడానికి వెళ్లాలి. వాడలో కూర్చున్న కూలీ, తన కూలి గురించి రాసిన పేజీ విని, ఇది అబద్ధం అనో, ఇది ఇంకా తక్కువ చెప్పాడు అనో అన్నప్పుడు, ఆ మాటను రాసుకుని తెచ్చుకోవాలి. మన విమర్శకు కావలసిన కొలబద్ద అక్కడ దొరుకుతుంది.